మాట హక్కు – మాట హద్దు

మా జేజికి రెండు సామెతలంటే ఇష్టం. నేను ఎవరికైనా ఎదురు మాట్లాడితే "నోరా, వీపుకు దెబ్బలు తేకే" అంటుంది. అడగాల్సిన చోట అడక్కుండా గమ్మునుంటే "నోరుంటే తల కాస్తుంది, అడగరా" అంటుంది. ఈ రెండిట్లో ఏది నిజం జేజీ అని చిన్నప్పుడు అడిగితే, "రెండూ నిజమే రా, యాడ ఏది చెల్లుతుందో తెలుసుకోవాల" అని నవ్వేది. అది తెలుసుకోవడం ఎంత కష్టమో నాకు నిరుడు అర్థమైంది.

మా బడిలో గోడపత్రిక ఒకటి ఉంది. తెలుగు మీడియం పిల్లలం మేమే రాసి, మేమే అతికిస్తాము. నిరుడు ఆగస్టులో ఒకే రోజు రెండు కాగితాలు గోడ మీద నుంచి పోయినాయి. ఒకటి నా స్నేహితురాలు రాసింది. బడి తెరిచి రెండు నెలలైనా మా తరగతికి రెండు తెలుగు పాఠ్యపుస్తకాలు రాలేదని, ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పడం లేదని అందులో ఉంది. రెండోది నేను రాసింది. మా తరగతిలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి సగం తమిళం కలిపి తెలుగు మాట్లాడతాడు. వాని మాటతీరును వెక్కిరిస్తూ నాలుగు వరుసలు రాసినాను. అందరూ చదివి నవ్వినారు. ఆ అబ్బాయి మాత్రం ఆ దినం నుంచి తరగతిలో నోరు తెరవడం మానుకున్నాడు.

మా సారు రెండు కాగితాలనూ ఒకేసారి చించేసినారు. నాకు కోపం వచ్చింది. "రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛ ఉందని మీరే చెప్పినారు కదా సార్" అని అడిగినాను. ఆయన కోప్పడలేదు. "ఉంది. హద్దు కూడా దాని కిందనే రాసి ఉంది. మన తొరపల్లి రాజాజీ కథ మొత్తం చదువుకుని రా, అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

రాజాజీ కథ నాకు ముందే తెలుసని అనుకున్నాను. చదివినాక చూస్తే నాకు తెలిసింది సగమే. మాట కోసం జైలుకు పోయినవాడు, మాట్లాడినవాళ్ళను జైలుకు పంపినవాడు, మళ్ళీ అధికారాన్ని ఎదిరించి మాట్లాడినవాడు, ముగ్గురూ ఆయనే. మాట్లాడే స్వేచ్ఛ విలువ ఏమిటో, దాని హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి మన తాలూకాలో ఇంతకన్నా మంచి పాఠం లేదు. అందుకే ఈ వ్యాసం.

వేలూరు జైలులో ఒక తెలుగు సంపాదకుడు

రాజాజీ కంటే ముందు ఇంకొకరిని తలచుకోవాలి. 1908 మార్చిలో తిరునెల్వేలిలో వ.ఉ. చిదంబరం పిళ్ళైను, సుబ్రమణ్య శివను తెల్లదొరలు అరెస్టు చేసినారు. వాళ్ళు చేసిన నేరం ప్రసంగాలు చేయడం. అరెస్టు మీద ఊరు తిరగబడింది. పోలీసులు కాల్పులు జరిపితే మనుషులు చచ్చిపోయినారు. ఆ సంగతి మీద బెజవాడలో 'స్వరాజ్య' అనే తెలుగు పత్రికలో ఘాటైన వ్యాసం వచ్చింది. దాని సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. రాజద్రోహం కింద ఆయనకు మూడేళ్ళ కఠిన శిక్ష వేసి వేలూరు జైలులో పెట్టినారు.

ఇది చదివినప్పుడు నాకు ఒక విషయం బాగా తగిలింది. కాల్పులు జరిగింది తమిళుల ఊర్లో. జైలుకు పోయింది ఒక తెలుగువాడు. పక్కవాడి నెత్తురు గురించి రాసినందుకు పోయినాడు. ఆ కాలంలో చాలామంది తిరునెల్వేలి పేరు కూడా విని ఉండరు. ఒక పత్రిక రాయబట్టి ఆ కాల్పుల సంగతి కృష్ణా తీరం దాకా పోయింది. మాట్లాడే హక్కు విలువ ఇదే అని నాకు తోచింది. దూరంలో ఉన్నవాడి కష్టం మనకు తెలియాలంటే, ఎవరో ఒకరు భయపడకుండా చెప్పాలి. చెప్పేవాడి నోరు మూస్తే కష్టం పోదు, కష్టం ఉందన్న సంగతి మాత్రం పోతుంది.

మొదటి రాజాజీ: జైలులో కూర్చున్నవాడు

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న హోసూరుకు దగ్గరలోని తొరపల్లిలో పుట్టినారు. తండ్రి ఆ ఊరి మునసబు. ఆయన హోసూరు సర్కారు బడిలో చదువుకుని, బెంగుళూరు సెంట్రల్ కాలేజీకి, తర్వాత మద్రాసుకు పోయి లా చదివినారు. 1900లో సేలంలో వకీలుగా కుదురుకున్నారు. అప్పట్లో మన హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలోనివే. పి. వరదరాజులు నాయుడు మీద రాజద్రోహం కేసు పెట్టినప్పుడు ఆయన తరఫున కోర్టులో వాదించింది ఈ వకీలే. అంటే మాట్లాడినందుకు ఒక మనిషిని శిక్షించడం ఎట్లా ఉంటుందో రాజాజీ మొదట కోర్టులో నిలబడి చూసినారు.

తర్వాత లోపలికి పోయి కూడా చూసినారు. గాంధీజీ సహాయ నిరాకరణం మొదలుపెట్టగానే రాజాజీ వకీలు పని వదిలేసినారు. 1921 డిసెంబరులో అరెస్టయి మూడు నెలలు వేలూరు జైలులో ఉన్నారు. అక్కడ రాసిన డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. ఆయన లోపలుండగానే గాంధీజీని కూడా పట్టుకున్నారు. 'యంగ్ ఇండియా' పత్రికలో రాసిన మూడు వ్యాసాలకు గాను, 1922 మార్చి 18న అహమ్మదాబాదులో సెక్షన్ 124-ఎ కింద గాంధీజీకి ఆరేళ్ళ శిక్ష పడింది. ఆ సెక్షన్ పేరే రాజద్రోహం. ప్రభుత్వం మీద అప్రీతి పుట్టించడమే నేరమని అది చెప్పేది. అప్పుడు గాంధీజీ నేరం ఒప్పుకున్నారు. ప్రీతిని చట్టంతో పుట్టించలేరని కోర్టులోనే వాదించినారు.

గాంధీజీ జైలులో ఉన్నప్పుడు ఆ 'యంగ్ ఇండియా' ఆగిపోకుండా సంపాదకుడిగా నడిపినవాళ్ళలో రాజాజీ ఒకరు. ఏ పత్రికలో రాసినందుకు గురువు జైలుకు పోయినాడో ఆ పత్రికనే శిష్యుడు చేతికి తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఆయనను ఎవరైనా అడిగి ఉంటే, ప్రభుత్వానికి నచ్చని మాట నేరం కాదనే చెప్పి ఉంటారు.

రెండో రాజాజీ: కుర్చీలో కూర్చున్నవాడు

1937 జులైలో రాజాజీ మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయినారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అట్లే పిలిచేవాళ్ళు. అదే ఏడాది బాట్లివాలా అనే సోషలిస్టు నాయకుడు మన రాష్ట్రంలో తిరిగి ప్రసంగాలు చేసినాడు. రాజాజీ ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసింది. ఏ సెక్షన్ కింద అనుకున్నారు? 124-ఎ. గాంధీజీని లోపలేసిన సెక్షనే. కాంగ్రెసు వాళ్ళే ఆశ్చర్యపోయినారు. నెహ్రూకు కూడా ఇది నచ్చలేదు.

మరుసటి ఏడు ఇంకా పెద్ద గొడవ జరిగింది. 1938 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని 125 హైస్కూళ్ళలో హిందీ తప్పనిసరి అని ఉత్తరువు వచ్చింది. తమిళనాట జనం తిరగబడినారు. బడుల ముందర, రాజాజీ ఇంటి ముందర పికెటింగు చేసినారు. ప్రభుత్వం వాళ్ళ మీద క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం ప్రయోగించింది. అది కాంగ్రెసు వాళ్ళ పికెటింగును అణచడానికి తెల్లదొరలు 1932లో తెచ్చిన చట్టం. సుమారు 1,200 మందిని అరెస్టు చేసినారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు, తల్లుల చంకల్లో చంటిబిడ్డలు కూడా జైలుకు పోయినారు. ఆడవాళ్ళను ఉసిగొల్పినారని పెరియార్ ఇ.వి. రామస్వామికి 1938 డిసెంబరులో ఏడాది శిక్ష వేసినారు. నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు యువకులు శిక్ష అనుభవిస్తూ జబ్బుపడి 1939లో చనిపోయినారు. చెన్నై ఎగ్మూరులో వాళ్ళ పేరుతో సర్కారు మేడ ఒకటి ఇప్పటికీ ఉంది. చివరికి 1939లో కాంగ్రెసు మంత్రివర్గం దిగిపోయింది. 1940 ఫిబ్రవరిలో గవర్నర్ ఎర్స్‌కిన్ ఆ హిందీ ఉత్తరువును ఎత్తేసినాడు.

ఇక్కడ రాజాజీ తరఫు న్యాయం కూడా చూడాలి. మూకలు బడి వాకిలికి అడ్డం నిలబడితే చదువుకునే పిల్లల గతేమి? ఇంటి ముందర చేరి దినమూ తిడుతూ ఉంటే అది అభిప్రాయమా, బెదిరింపా? అధికారంలో ఉన్నవాడు ఊరి శాంతిని కాపాడాలి కదా? ఇవి కొట్టిపారేసే ప్రశ్నలు కావు. వాకిలికి అడ్డం పడుకోవడం వేరు, 'మాకు హిందీ వద్దు' అనడం వేరు. మొదటిదానికి హద్దు పెట్టవచ్చు. రెండోదానికి పెట్టకూడదు. చేతిలో ఆ పాత చట్టం ఉన్నప్పుడు రెండిటినీ విడదీసే ఓపిక పాలకుడికి ఉండదు. చట్టం పెద్ద వల వంటిది. పెద్ద వల వేస్తే పట్టాల్సిన చేపతో పాటు పట్టకూడనివి కూడా పడతాయి.

తనను జైలుకు పంపిన తెల్లదొరల మీద రాజాజీకి ఏమనిపించిందో, నటరాజన్ ఇంటివాళ్ళకు రాజాజీ మీద అదే అనిపించి ఉంటుంది. పన్నెండు, పదహైదేళ్ళలో ఆయన గుణం మారిపోలేదు. కూర్చున్న చోటు మారింది. నేను ఈ కథలో నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. మాట విలువ నోరు మూతపడినవాడికి తెలుస్తుంది. మాట వల్ల వచ్చే చిక్కు కుర్చీలో ఉన్నవాడికి తెలుస్తుంది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి గుర్తుండదు.

రాజ్యాంగం గీసిన గీత

స్వాతంత్ర్యం వచ్చింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 19వ అధికరణం మొదటి భాగంలో వాక్ స్వాతంత్ర్యం ఉంది. మా సారు చెప్పినట్టే దాని కిందనే రెండో భాగంలో హద్దులున్నాయి. పరువు నష్టం, కోర్టు ధిక్కారం, అసభ్యత, రాజ్య భద్రత, ఇట్లా కొన్నే.

ఆ గీత గట్టిదా కాదా అని మొదటి పరీక్ష పెట్టింది మన మద్రాసు రాష్ట్రమే. 1950 ఫిబ్రవరి 11న సేలం జైలులో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు చనిపోయినారు. సేలం అంటే అప్పటికి మన జిల్లా కేంద్రం. మార్చి 1న మద్రాసు ప్రభుత్వం, బొంబాయి నుంచి రమేష్ థాపర్ నడిపే 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని నిషేధించింది. ప్రజా శాంతి కోసమని చెప్పింది. థాపర్ సుప్రీంకోర్టుకు పోయినాడు. మే 26న తీర్పు వచ్చింది. ప్రజా శాంతి అనే మాట చాలా వెడల్పైనది, రాజ్యాంగంలో ఆ హద్దు లేదు కాబట్టి నిషేధం చెల్లదని కోర్టు చెప్పింది.

దానితో ప్రభుత్వం రాజ్యాంగాన్నే సవరించింది. 1951 జూన్‌లో వచ్చిన మొదటి సవరణలో ప్రజా శాంతి, నేరానికి పురికొల్పడం, విదేశాలతో స్నేహం అనే కొత్త హద్దులు చేరినాయి. అయితే దానితో పాటు ఒక మంచి మాట కూడా చేరింది. ఆ హద్దులు 'సహేతుకంగా' ఉండాలి. అంటే ప్రభుత్వం హద్దు పెడితే, దానికి సరైన కారణముందా లేదా అని కోర్టు అడగవచ్చు. 1963లో దేశ సమగ్రత అనే హద్దును కూడా చేర్చినారు.

1951లో కేంద్రంలో హోం మంత్రి ఎవరనుకున్నారు? మన రాజాజీనే. ఆ ఏడాదే ఆయన పత్రికల మీద ఒక చట్టం తెచ్చినారు. ప్రెస్ (అభ్యంతరకర విషయాల) చట్టం అని పేరు. హత్యకు, హింసకు పురికొల్పే రాతలు, వర్గాల మధ్య పగ పెంచే రాతలు, బూతు రాతలు రాసే పత్రికల నుంచి ధరావతు సొమ్ము అడగవచ్చని అందులో ఉంది. పత్రికా సంపాదకులు దాన్ని గట్టిగా ఎదిరించినారు. 'యంగ్ ఇండియా' సంపాదకుడే పత్రికల మీద చట్టం తేవడం వింతగానే ఉంది. నిజం చెప్పాలంటే ఇందులో ఒక తేడా కూడా ఉంది. 1931 నాటి తెల్లదొరల చట్టంలో అధికారి తన ఇష్టప్రకారం ధరావతు అడిగేవాడు. రాజాజీ చట్టంలో సెషన్స్ జడ్జి ముందు విచారణ జరగాలి. పత్రికారంగం తెలిసినవాళ్ళతో జ్యూరీ కావాలని కూడా పత్రికవాళ్ళు అడగవచ్చు. ఆ చట్టం 1956లో గడువు తీరి పోయింది.

నాకు ఇందులో కనిపించిన రెండో పాఠం ఇది. హద్దు ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ హద్దు దాటినారో లేదో తేల్చేది ఎవరు అన్నది మిగతా సగం. మాట తగిలినవాడే తీర్పు చెప్పే పని కూడా పెట్టుకుంటే అది హద్దు కాదు, పగ. మూడోవాడు, రెండు పక్కలా విని, కారణం రాసి తీర్పు చెబితేనే దానికి హద్దు అని పేరు.

తర్వాత సుప్రీంకోర్టు ఈ దారినే ఇంకొంచెం బాగు చేసింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని, హింసకు, అల్లర్లకు పురికొల్పితేనే అవుతుందని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో చెప్పింది. 1989లో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ సినిమా కేసు వచ్చింది. రిజర్వేషన్ల మీద తీసిన సినిమా అది. ఆడనిస్తే గొడవలు అవుతాయని ప్రభుత్వం అన్నది. గొడవ చేస్తామని బెదిరించేవాళ్ళకు భయపడి మాట్లాడేవాడి నోరు మూయడం కాదు, గొడవ జరక్కుండా చూడటమే ప్రభుత్వం పని అని కోర్టు చెప్పింది.

మూడో రాజాజీ: మళ్ళీ ఎదురు నిలిచినవాడు

కథ ఇక్కడితో అయిపోతే రాజాజీ మీద నాకు కోపమే మిగిలేది. అయిపోలేదు. 80 ఏళ్ళ వయసులో ఆయన కాంగ్రెసును ఎదిరించి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినారు. ఆ పార్టీకి మన తెలుగువాడు ఎన్.జి. రంగా అధ్యక్షుడు. ఖాసా సుబ్బారావు అనే ఇంకొక తెలుగువాడు మొదలుపెట్టిన 'స్వరాజ్య' వారపత్రికలో రాజాజీ ముసలితనంలో కూడా విడవకుండా రాసినారు. లైసెన్సులు, పర్మిట్ల రాజ్యం అని ప్రభుత్వాన్ని దులిపినారు. హిందీ విషయంలోనైతే పూర్తిగా ఇటు తిరిగినారు. 1938లో హిందీ తప్పనిసరి చేసిన మనిషి, 1958 నాటికి హిందీ ఒక్కటే అధికార భాష కాకూడదని దేశమంతా తిరిగి వాదించినారు.

కొందరు దీన్ని మాట మార్చడం అంటారు. నేను అట్లా అనుకోను. మాట్లాడే స్వేచ్ఛ ఉండబట్టే ఒక మనిషి తన తప్పును తానే దిద్దుకోగలిగినాడు. 1938లో వద్దన్నవాళ్ళ నోరు పూర్తిగా మూతపడి ఉంటే, వాళ్ళ వాదన రాజాజీ చెవికి ఎన్నడూ చేరేది కాదు. తాను జైలుకు పంపిన జనం మాటే ఇరవై ఏళ్ళకు ఆయన నోట వచ్చింది.

1972 డిసెంబరు 25న రాజాజీ చనిపోయినారు. అంత్యక్రియలకు 93 ఏళ్ళ పెరియార్ చక్రాల కుర్చీలో వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఒకరి ప్రభుత్వం ఇంకొకరిని జైలులో పెట్టింది. ఇద్దరూ బతుకంతా ఒకరి మాటను ఒకరు కాదన్నారు. అయినా స్నేహం చెడలేదు. ఎదుటివాడి మాట తప్పనడానికి, ఎదుటివాడు మనిషే కాదనడానికి మధ్య ఎంత దూరముందో ఆ పెద్దలకు తెలుసు.

మన తెలుగు బడి సంగతి

ఇదంతా మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మనం హోసూరు తెలుగువాళ్ళం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరయినప్పుడు మన ఊర్లు ఇటే నిలిచిపోయినాయి. సేలం జిల్లా నుంచి 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చినాము. జిల్లా పేరు మారింది, ఇంట్లో మాట మారలేదు. ఓట్ల లెక్కలో మనం తక్కువ. లెక్కలో తక్కువైనవాళ్ళకు చేతిలో ఉండేది మాట ఒక్కటే.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయ్యింది. ఆ వరుస పదో తరగతి దాకా వచ్చేసరికి, తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం పిల్లలు తమ భాష బదులు తమిళం పరీక్ష రాయాల్సి వచ్చింది. చాలా బడుల్లో తమిళం చెప్పే అయ్యవార్లు కూడా సరిగా లేరు. జనం అర్జీలు పెట్టినారు, ఊరేగింపులు తీసినారు, కోర్టుకు పోయినారు. కోర్టు మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ ఏటికి మినహాయింపును పొడిగించింది.

నేను తమిళానికి వ్యతిరేకిని కాను. ఈ నేల మీద బతుకుతున్నాము, తమిళం నేర్చుకోవాల్సిందే. నాకు తమిళంలో మంచి మార్కులే వస్తాయి. నేను చెప్పేది వేరే. 1938లో 'మా పిల్లల మీద ఇంకొక భాష రుద్దవద్దు' అని తమిళులు అడిగినారు. వాళ్ళు అడిగింది న్యాయమైతే, మనం 'మా భాషను మాకు ఉండనీయండి' అని అడగడం కూడా న్యాయమే. ఆ రోజు నటరాజన్, తాళముత్తు నిలబెట్టిన హక్కు వాళ్ళ భాషకు మాత్రమే కాదు. మన అర్జీకి కూడా అదే ఆధారం. ఒకరి కోసం గెలిచిన హక్కు అందరికీ నీడనిస్తుంది.

ఆ రెండు కాగితాలు

ఇప్పుడు మా గోడపత్రిక దగ్గరికి వస్తాను. ఇంత చదివినాక, ఏ మాటకైనా హద్దు పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలని నాకు తోచింది.

ఒకటి, ఈ మాట ఎవరికి తగులుతోంది? పెద్ద కుర్చీలో ఉండి జవాబు చెప్పగలిగినవాడికా, జవాబు చెప్పలేని బలహీనుడికా? రెండు, ఈ మాట హద్దు దాటిందని తేల్చేది ఎవరు? తగిలినవాడేనా, మూడో మనిషా? కారణం చెప్పినాడా? మూడు, రేపు ఆ కుర్చీలో నాకు పడనివాడు కూర్చుని ఇదే హద్దు నా మీద పెడితే ఒప్పుకుంటానా?

పుస్తకాలు రాలేదన్న కాగితం పెద్దలకు తగిలింది. వాళ్ళు జవాబు చెప్పగలరు. అందులో అబద్ధం లేదు, తిట్టు లేదు. దాన్ని చించకూడదు. నేను రాసిన కాగితం ఒక ఒంటరి పిల్లవాడికి తగిలింది. వాడు గోడ మీద నాకు జవాబు రాయలేడు, ఎందుకంటే నేను ఎగతాళి చేసింది వాని మాటనే. నా మాట వాని మాటను మింగేసింది. తిరునెల్వేలి గురించి రాసినాయన పక్కవాడి నోరుగా నిలబడినాడు. నేను నా పక్కవాడి నోరు మూయించినాను. మా భాషను తక్కువ చేయవద్దని ఊరేగింపులో నడిచే నేనే, ఇంకొకని భాషను చూసి నవ్వినాను. నాలో కూడా ఒక కుర్చీ ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

సారు నా కాగితం తీసింది సరే. స్నేహితురాలి కాగితం తీసింది తప్పు. రెండిటినీ ఒకేసారి, ఏ కారణమూ చెప్పకుండా చించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అందుకే ఆ రోజు నాకు నా తప్పు కనబడలేదు. ఇద్దరమూ అన్యాయం జరిగినవాళ్ళమే అనుకున్నాము.

ఈ సంగతి సారుకు చెప్పడానికి భయపడినాను. జేజి చెప్పిన మొదటి సామెత గుర్తుకొచ్చింది. తర్వాత రెండోది గుర్తుకొచ్చింది. చెప్పినాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "పుస్తకాల కాగితం మళ్ళీ రాసి అతికించమని చెప్పు" అన్నారు.

నేను ఆ అబ్బాయికి క్షమాపణ రాసి అదే గోడ మీద అతికించినాను. వెక్కిరించింది అందరి ముందర కదా, తప్పు ఒప్పుకోవడం కూడా అందరి ముందరే ఉండాలి. వాడు ఇంకా నాతో ముభావంగానే ఉన్నాడు. అది వాని హక్కు. అయితే పోయిన నెల తరగతిలో లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగినాడు. సగం తమిళం, సగం తెలుగు. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు మా గోడపత్రికకు ఒక నియమం ఉంది. ఏ కాగితమైనా తీయాల్సి వస్తే, తీసిన చోట ఎందుకు తీసినారో రాసి, తీసినవాళ్ళు సంతకం పెట్టాలి. ఈ ఏడు ఇప్పటిదాకా ఒక్క కాగితమే తీసినారు. దాని చోట కారణం రాసి ఉంది, కింద సారు సంతకం ఉంది. అది రాసిన అమ్మాయి ఆ కారణం చదివి, ఒప్పుకోనని పక్కనే ఇంకొక కాగితం అతికించింది. అది ఇంకా గోడ మీదే ఉంది.